చలికాలంలో షెట్లాండ్ వెళ్తున్నారా? రెండు రోజులు చేతిలో ఉంచుకోండి

స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఉన్న షెట్లాండ్ దీవుల్లో నర్సు ఉద్యోగం వచ్చిందంటూ బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చేవాళ్లు ముందు అడిగేది చలి గురించే. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం పుణ్యమా అని అక్కడ మీరు భయపడేంత చలి ఉండదు. అసలు టెన్షన్ గాలితోనే. అది లేచిందంటే దీవికి రాకపోకలు బంద్.

దీవి చేరడానికి దారులు రెండే. అబర్డీన్, ఎడిన్‌బరా, గ్లాస్గో లాంటి స్కాట్లాండ్ ఊళ్ల నుంచి షెట్లాండ్ విమానాశ్రయం ఉన్న సంబరోకి చిన్న విమానం ఒకటి. అబర్డీన్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి షెట్లాండ్‌లోని పెద్ద ఊరు లెర్విక్‌లో దించే ఓడ ఇంకోటి. నేరుగా వెళ్తే సుమారు 12 గంటలు, దారిలో ఓర్క్‌నీ దీవుల్లో ఆగే రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. గాలిని బట్టి ఓడ వేళ మారిపోతుంది, ఒక్కోసారి రద్దవుతుంది. కాబట్టి ఫోన్‌లో మెసేజ్‌లు చూసుకుంటూ ఉండండి.

గన్నవరం నుంచి సంబరో దాకా ఒకదానికొకటి ఆనుకునేలా టికెట్లు కొనొద్దు. విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం లేటైతే రెండో టికెట్ డబ్బులు గోవిందా. ఇంటికొచ్చేటప్పుడు ఇంకా కష్టం: సంబరోలో చిన్న విమానం ఎగరకపోతే లండన్‌లో పెద్దది మీకోసం ఆగదు. సంక్రాంతికి రావాలనుకుంటే భోగికి నాలుగైదు రోజుల ముందే దీవి దాటేయండి. సెలవు అడిగేటప్పుడే అటూ ఇటూ రెండేసి రోజులు కలపండి, మొహమాటపడొద్దు. అక్కడ కాపురం పెట్టాక ఎయిర్ డిస్కౌంట్ స్కీమ్‌లో చేరండి. సొంత ప్రయాణాలకి దీవి విమానాల మూల ఛార్జీలో 50 శాతం తగ్గుతుంది.

ఓడలో వాంతుల మాత్ర ఎక్కకముందే వేసుకోవాలి. మంచం ఉన్న క్యాబిన్ దొరికితే డబ్బుకి వెనకాడకండి, పడుకుంటే సగం బాధ తగ్గుతుంది. బల్ల మీద పెట్టిన నీళ్ల సీసా అర్ధరాత్రి కింద పడి తలుపు దాకా దొర్లుతుంది, మళ్లీ మంచం కిందికి వస్తుంది. పడుకునే ముందే దాన్ని బూటులో దోపేయండి.

ఓడ రెండు మూడు రోజులు రాకపోతే లెర్విక్ సూపర్ మార్కెట్‌లో పాలు, బ్రెడ్డు, కూరగాయల అరలు ఖాళీ అయిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన సింగ్‌నగర్ వాళ్లకి ఇంట్లో ఏం దాచుకోవాలో నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు బియ్యం, కందిపప్పు, పాలపొడి, వాడే మందులు అక్కడ కొని పెట్టుకోండి. ఇక్కడి నుంచి కారం, గోంగూర పచ్చడి నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం అమ్మమ్మ ఎంత బతిమాలినా వద్దు. ఇండియా నుంచి తెచ్చే పాల పదార్థాల్ని బ్రిటన్‌లోకి రానివ్వరు.

గొడుగు దండగ. కారు దిగేటప్పుడు తలుపు రెండు చేతులతో పట్టుకోండి, లేదంటే గాలి దాన్ని వెనక్కి విరిచేస్తుంది. డిసెంబరు చివర్లో పగలు ఆరు గంటలు కూడా ఉండదు, అందుకని కొత్త రోడ్ల మీద డ్రైవింగ్ మధ్యాహ్నంలోపే ముగించుకోండి. సంబరో దగ్గర మెయిన్ రోడ్డు రన్‌వేని దాటుకుంటూ పోతుంది, విమానం ఉంటే గేటు పడుతుంది. ఆ టైం కూడా లెక్కేసుకోండి.

ఇంకొకటి. ఎప్పుడు బయల్దేరేదీ ఇంట్లో చెప్పండి కానీ, ఎప్పుడు దిగేదీ లండన్‌లో విమానం ఎక్కాకే చెప్పండి. లేకపోతే మావయ్య కారు మాట్లాడుకుని గన్నవరంలో కూర్చుంటాడు.