కట్టెల పొయ్యి మొండికేస్తే ఏం చూడాలి

పోయిన కార్తీకంలో వనభోజనాల వంట నా నెత్తిన పడింది. ముందురోజు రాత్రి జల్లు పడి సరుగుడు కట్టెలు తడిశాయని తెలిసీ ఏం కాదులే అనుకున్నా, ఇంకేముంది, 12 గంటలకి అయిపోవాల్సిన వంట రెండున్నర దాటింది, ఉసిరి చెట్టు కింద విస్తరాకులు వేసుకుని అందరూ నా వైపే చూడ్డం. అప్పట్నుంచి పొయ్యి పేచీ పెడితే వరసగా ఇవి చూస్కుంటా.

పొగ కమ్మేసి కళ్ళు మండుతున్నాయా, ముందు కట్టెని అనుమానించండి. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే ఉంటాయి, మంట వేడంతా ఆ నీళ్ళని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది, కట్టెలోంచి వచ్చే గ్యాస్ అంటుకునేంత వేడి మిగలదు, అంటుకోని ఆ సరుకే పొగై మన కళ్ళలోకి వస్తుంది. ఎండు కట్టెలు రెండు కొట్టి చూస్తే టంగుమంటాయి, తడివైతే దబ్ దబ్ మంటాయి. పొయ్యిలో పెట్టాక కోసిన చివర నురగ కక్కుతూ సుయ్యిమందంటే ఇంక అనుమానమే లేదు. ఆ లావు కట్టె బయటికి లాగేసి బొటనవేలంత సన్నగా చీల్చండి, ముందు ఎండు కొబ్బరి మట్టలతో కాసిని నిప్పులు చేస్కుని, ఆ తర్వాత ఒక్కొక్కటే ఎగదోయండి. కిరసనాయిలు మాత్రం వద్దు, మండుతున్న పొయ్యిలో పోస్తే మంట డబ్బా దాకా వస్తుంది.

కట్టె ఎండుదే, కానీ మంట లేచి లేచి పడిపోతోంది అంటే గాలి ఆడట్లేదు. మనకి తొందరెక్కువ కదా, దొరికినవన్నీ కుక్కేస్తాం. కట్టెల మధ్య వేలు దూరేంత సందు ఉంచండి, బూడిద నిండిపోతే లాగెయ్యండి, మొత్తం కాదు, అడుగున పల్చగా ఉంటే నిప్పు నిలుస్తుంది. ఊదుడు గొట్టం మంట మీదకి కాదు, కింద నిప్పుల మీదకి పెట్టాలి. మా అమ్మమ్మ మూడు ఊదులకే రాజేసేది, నేను ముప్పై ఊది కళ్ళు తిరిగి కూలబడేవాణ్ణి.

అన్నం అడుగు మాడి పైన పలుకుగా ఉంటే తప్పు మనదే, గ్యాస్ అలవాటు. నీళ్ళు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఎక్కువ మంట వల్ల నీళ్ళు తొందరగా ఇగిరిపోయి అడుగు మాడ్డమే. కట్టె లాగినా నిప్పుల వేడి పోదు కూడా, అందుకే ముందుగానే లాగాలి. ఎసరు మరిగేదాకా పెద్ద మంట, బియ్యం వేసి ఒక పొంగు వచ్చాక కట్టెలు సగం వెనక్కి. మెతుకు నొక్కితే మధ్యలో సన్నగా పలుకు తగులుతుందా, అప్పుడే గంజి వార్చెయ్యాలి. కట్టెలన్నీ తీసేసి, నిప్పులు పక్కలకి సర్ది గిన్నె పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులేసి 10 నిమిషాలు వదిలేస్తే ఉమ్మగిల్లుతుంది. ఆల్రెడీ మాడిపోతే గరిటె పెట్టి కలపొద్దు బాబూ, అడుగు కదపకుండా పైదంతా వేరే గిన్నెలోకి తీసెయ్యండి.

పప్పు ఎంతకీ ఉడకట్లేదని పొయ్యిని తిట్టుకోకండి, చాలాసార్లు దాని తప్పు ఉండదు. పాత కందిపప్పు అయినా, బోరు నీళ్ళలో సున్నం ఎక్కువున్నా, చింతపండు ముందే వేసినా పప్పు మొండికేస్తుంది. గంట నానబెట్టి మంచినీళ్ళతో పెట్టండి, పులుపు మెదిగాకే.

వానొస్తోందని బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చుకుంటే తలనొప్పి, వికారం వస్తాయి. పొగ లేదుగా అనుకుంటాం గానీ బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, ప్రాణాలే పోతాయి. కుంపటి బయటే ఉండాలి, ఎవరికైనా అలా అనిపిస్తే ముందు మనుషుల్ని బయటికి తీసుకొచ్చి, వెంటనే ఆస్పత్రికి తీస్కెళ్ళండి.

ఇంక మసి. గిన్నె పొయ్యెక్కించకముందే బయట తడి మట్టి గానీ తడి బూడిద గానీ పూస్తే తర్వాత మసి దాంతోపాటే ఊడొచ్చేస్తుంది. నేను ఆ రోజు మర్చిపోయా, తోటకి తెచ్చిన పెద్ద గిన్నె పక్కింటి పిన్నిగారిది, కొబ్బరి పీచుతో రెండు రోజులు తోమి ఇచ్చాను, ఆవిడ అడుగు తిప్పి చూసి ఏమీ అనలేదు, మళ్ళీ గిన్నె మాత్రం ఇవ్వలేదు.