డ్రమ్ములు తీసి డిస్కులు వేశాక పెడల్ మెత్తబడిందా? లోపాన్ని ఇలా పట్టుకోండి

పాత జీపుకి ముందు చక్రాల డ్రమ్ములు పీకేసి డిస్కులు బిగించారు. క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని పట్టే భాగాలు) కొత్తవి, ప్యాడ్లు కొత్తవి, బ్రేక్ ఆయిల్ కూడా కొత్తదే. తీరా కాలు పెడితే పెడల్ పిండిముద్దలోకి దిగినట్టు దిగుతుంది. అప్పుడు అందరూ చేసే పని బ్రేక్ లైన్లలోంచి మళ్ళీ మళ్ళీ గాలి తీయడం. లీటరు ఆయిల్ పారబోశాక కూడా పెడల్ అలాగే ఉందంటే లోపం గాలి కాకపోవచ్చు. గాలే అయితే మీరు తీస్తున్న దారిలో అది బయటికి రావడం లేదు. కాబట్టి పానా పక్కన పెట్టి, ముందు పెడల్‌నే పరీక్షించండి. లోపం తేలేదాకా బండి రోడ్డెక్కకూడదు.

ఇంజిన్ ఆపి పెడల్‌ని అరనిమిషం గట్టిగా తొక్కి పట్టండి. కాలి కింద మెల్లగా జారిపోతూ ఉంటే ఎక్కడో లీకు ఉంది. బయట తడి ఎక్కడా కనపడకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది) లోపలి రబ్బరు వాషర్లు పోయినట్టే. జారడం లేదంటే ఈసారి గబగబా మూడు నాలుగుసార్లు తొక్కండి. పెడల్ పైకి లేచి కూడా స్ప్రింగులా ఊగుతుంటే లైన్లలో గాలి ఉంది. పైకి లేచి రాయిలా గట్టిపడితే ప్యాడ్లకో వెనక డ్రమ్ముల్లోని షూలకో గ్యాప్ ఎక్కువ. ఎంత తొక్కినా తేడా లేకపోతే మాస్టర్ సిలిండర్ సైజు మీద అనుమానపడాలి.

గాలి అని తేలితే ముందు క్యాలిపర్‌కి గాలి తీసే నిప్పిల్ ఎటు ఉందో చూడండి. మొదటిసారి డిస్కులు బిగించినప్పుడు కుడి క్యాలిపర్ ఎడమకీ, ఎడమది కుడికీ వేశాను. బోల్టులు చక్కగా కూర్చున్నాయి, ప్యాడ్లు కూడా సరిపోయాయి. నిప్పిళ్ళు మాత్రం కిందకి వచ్చాయి. గాలి ఎప్పుడూ పైనే చేరుతుంది కదా, కింద నుంచి ఎంత ఆయిల్ లాగినా పైనున్న బుడగ కదలదు. రెండు సాయంత్రాలు అలాగే పోయాయి. నిప్పిల్ క్యాలిపర్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. బ్రాకెట్టు వల్ల అలా కుదరకపోతే క్యాలిపర్ విప్పి నిప్పిల్ పైకి వచ్చేలా చేత్తో పట్టుకుని గాలి తీయండి. ప్యాడ్ల మధ్య డిస్కు మందంలో ఒక చెక్కముక్క పెట్టడం మరవద్దు, లేకపోతే పిస్టన్ ఊడి ఒళ్ళో పడుతుంది.

గాలి తీసేటప్పుడు పెడల్ నేలకి తగలకుండా దాని కింద కూడా ఒక చెక్కముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో వాషర్ రోజూ తిరిగే చోటు నున్నగా ఉంటుంది, అది దాటితే తుప్పు. ఒక్కసారి నేలదాకా తొక్కితే ఆ తుప్పు వాషర్‌ని చీరేస్తుంది. డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిళ్ళు కలిసినా ఫరవాలేదు. డాట్ 5 సిలికాన్ మాత్రం కలపకండి. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

గ్యాప్ అనిపిస్తే ముందు వెనక డ్రమ్ములు చూడండి. హ్యాండ్ బ్రేక్ వెనక షూలనే పట్టే బండి అయితే పరీక్ష తేలిక. అది లాగి పెడల్ తొక్కండి, గట్టిపడితే ముందున్న డిస్కుల తప్పేమీ లేదు. షూలని చక్రం ఆగేదాకా బిగించి, సన్నగా గీసుకునేంత వరకు వదలండి. గుంతల్లో వెళ్ళాక మొదటి తొక్కు మాత్రమే లోతుకి దిగుతుంటే వీల్ బేరింగులో ప్లే (వదులు) ఉంది. డిస్కు ఊగి ప్యాడ్లని వెనక్కి నెడుతోంది.

ఇక సైజు సంగతి. ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. 54 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న క్యాలిపర్ పిస్టన్ ఒక్క మిల్లీమీటరు కదలడానికి 2.3 సీసీ ఆయిల్ కావాలి, రెండు చక్రాలకి కలిపి 4.6. పాత 19 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ నెట్టాలంటే దాని పిస్టన్ 16 మిల్లీమీటర్లు జరగాలి. పెడల్ నిష్పత్తి ఆరుకి ఒకటి అయితే (కాలు ఆరు జరిగితే పిస్టన్ ఒకటి జరుగుతుంది) కాలి దగ్గర అది దాదాపు 10 సెంటీమీటర్లు! మాస్టర్‌ని 22కి మారిస్తే 7 సెంటీమీటర్లకి తగ్గుతుంది. కానీ కాలి బలం మూడో వంతుకి పైగా ఎక్కువ పెట్టాలి, బూస్టర్ (కాలి బలానికి తోడయ్యే పరికరం) లేని బండిలో అది తెలిసొస్తుంది. మార్చేటప్పుడు సింగిల్ సర్క్యూట్‌ది తీసేసి రెండు సర్క్యూట్లదే (రెండు వేరు ఆయిల్ దారులున్నది) వేయండి. ఒక గొట్టం పగిలినా రెండు చక్రాలకి బ్రేకు మిగులుతుంది.

సీజే 3బీ లాంటి జీపుల్లో ఇంకో చిక్కు ఉంది. పెడళ్ళు నేలలోంచి వస్తాయి, మాస్టర్ సిలిండర్ ఛాసిస్ పక్కన కింద ఉంటుంది. క్యాలిపర్ దానికంటే ఎత్తులో ఉంటే బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ వెనక్కి జారుతుంది. పొద్దున మొదటి తొక్కు నేలకి, రెండోది మామూలుగా ఉంటే అది ఇదే. డిస్కుల లైన్లో 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) రెసిడ్యువల్ వాల్వు, అంటే లైన్లో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచేది, వేయాలి. డ్రమ్ముల లైన్‌కి 10 పీఎస్ఐది. రెండూ తారుమారు కాకూడదు.

అన్నీ సరిచేశాక ఖాళీ మైదానంలో, బ్రేకు పెద్దగా వాడకుండా, మెల్లగా రెండు కిలోమీటర్లు తిప్పండి. ఆపి డిస్కు మీద రెండు చుక్కలు నీళ్ళు చల్లండి. చుయ్యిమంటే ప్యాడ్లు పట్టేసి ఉన్నాయి. అందుకు కారణంగా డ్రమ్ముల కాలం నాటి 10 పీఎస్ఐ వాల్వు ఇంకా ముందు లైన్లోనే ఉందేమో చూడండి.