నష్టాల వ్యాపారంలో ఇంకో విడత డబ్బు పెట్టే ముందు

సంతకానికి ముందు ఇవి చూసుకోండి.

- ఇల్లు తాకట్టు పెట్టకండి, సొంత పూచీకత్తు మీద కొత్త అప్పు తేకండి. వ్యాపారం మూతపడినా ఆ బాకీ మిమ్మల్ని వదలదు.

- ఇప్పటిదాకా పోసిన డబ్బును లెక్కలోంచి తీసేయండి. ఆపినా, నడిపినా అది తిరిగి రాదు. ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం తయారీ మీద బ్రిటన్, ఫ్రాన్స్ ఏళ్ల తరబడి ఖర్చు పెడుతూనే పోయాయి. చివరికి ప్రయాణికులతో ఎగిరినవి 14 విమానాలే. "ఇదే వ్యాపారాన్ని ఈరోజు ఎవరైనా అమ్మజూపితే కొంటానా?" ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

- ఆపాల్సిన తేదీ, నష్టం అంకె ఇప్పుడే కాగితం మీద రాసి, వాటా లేని ఒకరి చేతిలో పెట్టండి. ఆ రోజు వచ్చాక మనసు "ఇంకో నెల" అంటుంది.

- జీతాలకు, సరుకు బాకీలకు సరిపడా డబ్బు ఉండగానే ఆపండి. ఖాతా ఖాళీ అయ్యాక ఆపితే, మిమ్మల్ని నమ్మినవాళ్లే ముందు దెబ్బతింటారు.