గడినుడి నేర్చుకుందాం – 6వ పాఠం: మొండికేసిన మూల

గడినుడి అంటే ఆధారాలను బట్టి గళ్ళలో మాటలు నింపే క్రాస్‌వర్డ్ ఆట. ఆధారం చివర బ్రాకెట్లో ఉన్న అంకె జవాబుకు ఎన్ని గళ్ళో చెబుతుంది. ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి జవాబులు. ‘ఎటు నుంచి తిన్నా చింతకాయ రుచే (3)’ అన్నదానికి జవాబు పులుపు. మొదటి నుంచి చదివినా చివరి నుంచి చదివినా అదే మాట వస్తుంది, ‘ఎటు నుంచి’ అన్నది అందుకే. ‘ఇంటి దూలానికి పనికొచ్చేది నూకల పళ్ళెంలో ఉంది (3)’ అన్నప్పుడు పళ్ళెంలోనే వెతకాలి: నూ-కలప-ళ్ళెం. జవాబు కలప. ‘కలకు సున్న చుడితే రాసుకోవచ్చు (2)’ అంటే కలం. సున్నకు వేరే గడి ఎందుకు లేదన్న సందేహం ఇంకా ఉంటే మొదటి పాఠం మరోసారి చూడండి. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ అక్షరంతో కలిసి ఒకే గడిలో ఉంటాయి. ‘స్వాతంత్ర్యం’ అంత బరువైన మాటకు కూడా మూడు గళ్ళు చాలు.

ఈసారి ఆదివారం అనుబంధంలో వచ్చే కఠినమైన గడినుడి సంగతి చూద్దాం. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన తొలి గడినుడిలో ఆధారాలు సూటిగా అర్థం చెప్పేవే. మాటను విరిచి, తిప్పి, దాచిపెట్టే గూఢమైన ఆధారాలు 1920లలో ఇంగ్లండులో బలపడ్డాయి. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే గళ్ళ నుడికట్లు కూర్చారు. వారాంతపు గడి మనల్ని ఏడిపించేదీ, మురిపించేదీ ఈ గూఢమైన ఆధారాలతోనే.

ఒక ఆధారం తీసుకుందాం: ‘తీగ తిరగబడి కర్ర పక్కన చేరితే నిద్రకు ఆసరా (4)’. చదవగానే పెరడు కళ్ళ ముందుకు వస్తుంది. బీరపాదు, పందిరి గుంజ, సాయంత్రం గాలి. మనసు ‘పందిరి’ అంటుంది, గళ్ళు నాలుగు ఉన్నాయి కాబట్టి ‘పందిరికి’ అని కూడా సర్దుకోబోతుంది. గడినుడిని తయారుచేసిన కూర్పరి కోరుకున్నది ఇదే. ఆ బొమ్మను చెరిపేసి మాటలను విడివిడిగా పట్టుకోండి. అసలు అర్థం వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉంటుందని మూడో పాఠంలో చెప్పుకున్నాం. ఇక్కడ అది చివర ఉంది: నిద్రకు ఆసరా. మిగిలినదంతా తయారీ విధానం. తీగ అంటే లత, అది తిరగబడితే తల. కర్ర అంటే గడ, దొమ్మరివాళ్ళు ఎక్కే గడ. రెండూ పక్కపక్కన చేరితే తలగడ! పెరడంతా మాయమై పడకగది మిగిలిన ఆ క్షణం కోసం ఆదివారం ఉదయమంతా ఇచ్చేయవచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇక అసలు పాఠం. గడి మూడు వంతులు నిండింది, ఒక మూల మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఎంత చూసినా కదలదు. అప్పుడు చాలామంది ఆ మూలలో అన్నిటికంటే కష్టంగా కనిపించే ఆధారం మీద పడతారు. అది వద్దు. చిక్కు సాధారణంగా మీరు పూరించలేని మాటలో ఉండదు, పూరించేశానని నిశ్చింతగా ఉన్న మాటలో ఉంటుంది.

ఉదాహరణకు అడ్డంలో ‘గుమ్మానికీ పాము తలకీ మధ్య తిరుగుడే తేడా (3)’ అని ఉందనుకోండి. గడపను తిప్పితే పడగ, పడగను తిప్పితే గడప. రెండూ సరిపోతాయి. నడిమి గడిలో పడే నిలువు మాట మీకు ‘డ’ ఇస్తుంది, ధైర్యం వస్తుంది. కానీ రెండు మాటల్లోనూ నడిమి అక్షరం డ-యే కదా, అది ఏమీ తేల్చలేదు. మీరు ‘గడప’ అని కలంతో దిద్దేశారు. ఇప్పుడు మొదటి గడి నుంచి దిగే నిలువు ఆధారం చూడండి: ‘బలపం పట్టినవాడికి కావలసినది (3)’. పసిపిల్లవాడు కూడా పలక అంటాడు. మీకు మాత్రం మొదటి గడిలో ‘గ’ కూర్చుని ఉంది. గ-తో మొదలయ్యే రాత సామగ్రి కోసం నిఘంటువు తిరగేస్తూ కూర్చుంటారు. ఇంత తేలిక ఆధారం అందకపోతే కోపం రావడం సహజం. కోపం వచ్చిన చోటే ఆగి, దానికి అడ్డుపడుతున్న మాటను అనుమానించండి. ఆ ఒక్క ‘గ’ చెరిపితే పలక వస్తుంది, పలకతో పడగ వస్తుంది, మూల అంతా గలగలా నిండుతుంది.

అందుకే నా సలహా: వారాంతపు గడికి పెన్సిలు వాడండి. రెండు జవాబులకు వీలున్న మాట ఎదురైతే రెండింటికీ చెందే అక్షరం మాత్రమే రాయండి. పై ఉదాహరణలో నడిమి డ రాసి, అటూ ఇటూ వదిలేయాలి.

కూర్పరి నిజాయితీపరుడైతే వ్యాకరణమే దారి చూపిస్తుంది. ‘వెనుదిరిగిన గుమ్మం’ అంటే ఆ విశేషణం తన తరవాతి మాటనే పట్టుకుంటుంది, కాబట్టి తిప్పవలసింది గడపను, జవాబు పడగ. ‘గుమ్మం వెనుదిరిగి’ అన్నా అంతే, తిరిగింది గుమ్మమే. పైన ఇచ్చిన ఆధారంలా ఏది తిప్పాలో చెప్పకుండా వదిలేయడం నా దృష్టిలో అంత మంచి కూర్పు కాదు, అయినా ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

చిన్న సాయాలు కూడా ఉన్నాయి. ఆధారం బహువచనంలో ఉంటే చివరి గడిలో లు అని సన్నగా రాసుకోవచ్చు, కళ్ళు, ఇళ్ళు వంటి మాటలు మాత్రం మోసం చేస్తాయి. ‘పుస్తకం’ అని రాయాలా, ‘పుస్తకము’ అని రాయాలా అన్న సందేహాన్ని బ్రాకెట్లోని అంకె తీరుస్తుంది: 3 అయితే పుస్తకం, 4 అయితే పుస్తకము.

ఇవన్నీ చేసినా మూల కదలకపోతే కాగితం మడిచి వేరే పనికి వెళ్ళండి. పెరడు బొమ్మ మనసులో నాటుకుపోయాక ఎంతసేపు చూసినా పెరడే కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చదివితే అదే వాక్యం మరో చోట విరుగుతుంది. నిఘంటువు మాత్రం జవాబు తట్టిన తరవాతే తెరవండి. గడ అంటే కర్ర అన్న అర్థం ఉందో లేదో సరిచూసుకోవడానికి అది కావాలి. ముందే తెరిస్తే పదాలు దొరుకుతాయి కానీ ఆ ఆనందం దొరకదు.

వచ్చే పాఠానికి అభ్యాసం:

లక్ష్మి వెనుదిరిగితే యంత్రం (2)

మునగ రంగులో దాగిన పెద్ద ఊరు (3)

కోతి తల పోయినా నాడి మిగిలింది (2)

మూడోదానికి జవాబు రాసేముందు కోతికి ఉన్న పేర్లన్నీ ఒక పక్కన రాసుకోండి. 7వ పాఠంలో మాటలో మాటను ఇరికించే ఆధారాల సంగతి చూద్దాం.