ప్లాటినం కార్బన్ మీదే ఉందా, సింకులోకి పోయిందా?

ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంటు చేసే పరికరం) కోసం ప్లాటినం-కార్బన్ క్యాటలిస్ట్ చేయడానికి ల్యాబుల్లో ఎక్కువగా వాడేది పాలియాల్ పద్ధతి, అంటే ప్లాటినం లవణాన్ని ఇథిలీన్ గ్లైకాల్‌లో వేడి చేసి కార్బన్ మీదకి ఎక్కించడం. మొదటిసారి చేసినప్పుడు నా టెన్షన్ అంతా వేడి చేయడం గురించే, తీరా చెడింది మాత్రం చల్లారాక. వడపోస్తుంటే కిందకి టీ డికాక్షన్ రంగు నీళ్లు దిగాయి. ఆ రంగు ప్లాటినమే!

20 శాతం ప్లాటినంతో 100 మిల్లీగ్రాములు కావాలంటే వల్కన్ ఎక్స్‌సీ-72 అనే నల్లటి కార్బన్ పొడి 80 మి.గ్రా., క్లోరోప్లాటినిక్ యాసిడ్ హెక్సాహైడ్రేట్ సుమారు 53 మి.గ్రా. కావాలి (అందులో ప్లాటినం 37.7 శాతమే). ఈ యాసిడ్ గాలిలో తేమ లాగేసి ముద్దయిపోతుంది కాబట్టి ప్రతిసారీ తూచే బదులు, ఒక గ్రాము సీసా కొని మొత్తాన్నీ ఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి 50 మి.లీ. చేసి పెట్టుకోండి, అప్పుడు 2.65 మి.లీ. తీస్తే సరిపోతుంది. స్టీలు గరిటె పెట్టకండి, ప్లాటినం దానికే పట్టేస్తుంది. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి, ఎందుకంటే ప్లాటినం లవణాలకి ఒకసారి ఎలర్జీ వచ్చిందంటే ఆస్తమా దాకా పోతుంది.

కార్బన్‌ని 50 మి.లీ. గ్లైకాల్‌లో అరగంట సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్ తరంగాలతో చెదరగొట్టి), ప్లాటినం ద్రావణం కలిపి, గ్లైకాల్‌లోనే కరిగించిన సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 12 దగ్గరికి తేవాలి. ఆర్గాన్ పంపిస్తూ, పైన కండెన్సర్ పెట్టి, 140 డిగ్రీల దగ్గర మూడు గంటలు కలుపుతూ ఉంచండి. గ్లైకాలే ప్లాటినం లవణాన్ని క్షయకరణం చేసి లోహంగా మారుస్తుంది, వేరే ఏమీ వేయక్కర్లేదు.

ఇక అసలు సంగతి. గ్లైకాల్ ఆక్సీకరణం చెంది గ్లైకోలేట్ అవుతుంది, అది ప్లాటినం కణాల చుట్టూ చేరి వాటిని రెండు మూడు నానోమీటర్లకి మించి పెరగనివ్వదు. అంతవరకు మేలే. కానీ క్షారంలో ఆ పూతకీ రుణావేశమే, కార్బన్‌కీ రుణావేశమే, మరి రెండూ ఎలా అతుక్కుంటాయి? ఆ పూత రుణావేశం పోవాలి, అందుకే పూర్తిగా చల్లారాక పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 3 కిందకి దించి, రాత్రంతా కలపాలి. నేను రెండు గంటలతో సరిపెట్టాను, అదీ నా తప్పు. కార్బన్ నలుపులో ఫ్లాస్క్‌ని చూస్తే ఏమీ తెలియదు, కొంచెం వడపోసి చూడండి. నీళ్లు తేటగా రావాలి. గోధుమరంగు కనిపిస్తే పారబోయకుండా తిరిగి ఫ్లాస్క్‌లో పోసి, ఇంకాస్త యాసిడ్ వేసి కలపండి.

కడగడంలో బద్ధకం వద్దు. క్లోరైడ్ మిగిలితే ప్లాటినం ఉపరితలానికి అతుక్కుని ఫ్యూయల్ సెల్‌లో జరగాల్సిన ఆక్సిజన్ చర్యని దెబ్బతీస్తుంది. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లగా విరగడం ఆగేదాకా కడుగుతూనే ఉండండి. ఆ తర్వాత 60 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఆరబెట్టడమే.

కొంచెం తీసి టీజీఏలో (వేడి చేస్తూ బరువు మార్పుని కొలిచే పరికరం) గాలిలో కాల్చండి. కార్బన్ పోయి ప్లాటినం మిగులుతుంది. 20 శాతానికి బాగా తక్కువ వచ్చిందంటే పొరపాటు చాలాసార్లు సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసే దశ దగ్గరే. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో స్ఫటికాలని చూసే పరీక్ష) 39.8 డిగ్రీల కోణం దగ్గర పీకు వెడల్పుగా ఉండాలి, సన్నగా నిటారుగా ఉంటే కణాలు లావెక్కినట్టు.

చివరగా ఇంకు, అంటే ఎలక్ట్రోడ్ మీద పూయడానికి ఈ పొడితో చేసే ద్రవం. పొడి మీద ముందు నీళ్లు పోసి బాగా తడిపాకే ఐసోప్రొపనాల్ పోయండి. పొడి పౌడర్ మీద నేరుగా ఆల్కహాల్ పడితే గాలిలో అక్కడికక్కడే మంట అంటుకోవచ్చు.