నెల్లూరు నుంచి ఒక బొమ్మల కథ: 16 పుటల పుస్తకాన్ని సొంతంగా అచ్చు వేయించే పద్ధతి

సొంతంగా బొమ్మల కథ వేసి పుస్తకంగా తేవాలనుకునేవారు సాధారణంగా ముందు కథ రాసుకుంటారు, తరువాత బొమ్మలు వేస్తారు, అన్నీ పూర్తయ్యాక ప్రెస్సుకు వెళ్లి ఎంతవుతుందని అడుగుతారు. నా మొదటి పుస్తకానికి నేనూ అలాగే చేశాను. 18 పుటలు వేసి తీసుకువెళితే, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పుటల సంఖ్య 4తో నిశ్శేషంగా భాగించబడాలని అక్కడ చెప్పారు. చివర రెండు పుటలు తెల్లగా వదలవలసి వచ్చింది. అప్పటినుంచి నేను ముందుగా పుస్తకం కొలత, పుటల సంఖ్య, కాపీల సంఖ్య, అది ఎవరి చేతికి వెళ్లాలన్నది నిర్ణయించుకుని, ఆ హద్దుల లోపలే కథను కూర్చుకుంటున్నాను. ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు, స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ మీద 16 పుటల కథ వేస్తున్నామని అనుకుందాం.

కొలత, డమ్మీ

మన ప్రెస్సుల్లో రెండు కొలతలు బాగా నలిగినవి. డెమ్మీ షీటు 18×23 అంగుళాలు. దానిలో ఎనిమిదో వంతు, అంటే డెమ్మీ 1/8, అంచులు కోశాక 5.5×8.5 అంగుళాల పుస్తకమవుతుంది. క్రౌన్ షీటు 15×20 అంగుళాలు. క్రౌన్ 1/4 పుస్తకం దాదాపు 7.25×9.5 అంగుళాలు ఉంటుంది. బొమ్మకు క్రౌన్ 1/4 విశాలంగా ఉంటుందన్నది నిజమే. అయినా మొదటి పుస్తకానికి నేను డెమ్మీ 1/8నే సూచిస్తాను, ఎందుకంటే 16 పుటలు సరిగ్గా ఒక డెమ్మీ షీటులో రెండు వైపులా పట్టేస్తాయి. 500 కాపీలు వేస్తే లోపలి పుటలకు ఒక రీము (500 షీట్ల) కాగితం, దాని మీద వృథాకు కొన్ని షీట్లు చాలు. లెక్క ఇంత సులువుగా ఉంటే ప్రెస్సువారితో మాట్లాడటం కూడా సులువవుతుంది.

కొలత కుదిరాక, ఏ-4 కాగితాలు నాలుగు తీసుకుని ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడవండి. 16 పుటల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారవుతుంది. ప్రతి పుటకూ అంకె వేసి, మళ్లీ విడదీసి చూస్తే, ఒకే కాగితం మీద ఒకే వైపు పక్కపక్కన పడే రెండు పుటల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 వస్తుంది: 16-1, 2-15, 14-3, ఇలా. ప్రెస్సులో పుటల కూర్పు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

కథకుడికి డమ్మీ చేసే మేలు ఇంకా పెద్దది. తెరిచిన పుస్తకంలో 2-3, 4-5 పుటలు ఒకేసారి కంటబడతాయి కాబట్టి 2వ పుటలో దాచిన రహస్యం 3వ పుటలో బయటపడితే పాఠకుడి చూపు ముందే దాని మీద పడిపోతుంది. ఉత్కంఠను బేసి పుట చివరి గడిలో (ఒక్కో బొమ్మ ఉండే చట్రంలో) ఆపి, పుట తిప్పగానే సరిసంఖ్య పుటలో విప్పాలి. మన కథలో మనవడు దర్గా దగ్గర నానమ్మ చేయి వదిలి జనంలో తప్పిపోతాడు. నానమ్మ వెనుదిరిగి చూసే గడి 7వ పుట అడుగున రావాలి. పుట తిప్పగానే 8-9 పుటల నిండా చెరువు, మోకాళ్ల లోతు నీళ్లలో రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటున్న వేలమంది జనం ఒకే బొమ్మగా కనిపించాలి. ఇంత పెద్ద బొమ్మను ఇక్కడే ఎందుకు పెట్టానంటే, 16 పుటల పుస్తకంలో 8, 9 పుటలు మాత్రమే ఒకే కాగితం మీద అతుకు లేకుండా పక్కపక్కన ఉంటాయి. మిగిలిన చోట్ల రెండు పుటల మీదుగా బొమ్మ వేస్తే మడత దగ్గర ఒక వెంట్రుకవాసి అయినా తేడా వస్తుంది.

గడుల అమరికను నేను మార్కాపురం పలక మీద బలపంతో వేసుకుంటాను. కాగితం మీద వేసిన చిత్తు గీత మీద కూడా మమకారం పుడుతుంది, పలక మీద గీత చెరపడానికి చేయి వెనుకాడదు. కుదిరిన అమరికను ఫోనుతో ఫొటో తీసి, ఆ తరువాతనే డమ్మీలోకి ఎక్కిస్తాను.

పండుగ లాంటి నిజమైన సందర్భాన్ని తీసుకున్నప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. సంతానం కోసం, ఆరోగ్యం కోసం, పెళ్లి కోసం రొట్టె పట్టుకునేవారి కోరిక వారి సొంతం. అక్కడ మీరు చూసిన మనిషిని గుర్తుపట్టేలా, వారి అనుమతి లేకుండా బొమ్మలో పెట్టకండి.

గీయడం, స్కాన్ చేయడం

అచ్చు కొలతకు ఒకటిన్నర రెట్లు పెద్దగా వేస్తే గీత చిక్కబడి కనిపిస్తుంది. డెమ్మీ 1/8కు అది 8.25×12.75 అంగుళాలు, ఏ-3 కాగితంలో హాయిగా పడుతుంది. చుట్టూ తెల్లని అంచు వదిలి గడులు గీయండి. బొమ్మ కాగితం అంచు దాకా పోవాలంటే కోతకు బయట 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు బొమ్మ) ఇవ్వాలి, మాటలను మాత్రం కోతకు కనీసం 8 మిల్లీమీటర్ల లోపలే ఉంచాలి. నల్ల సిరా గీతలను 600 డీపీఐకి (అంగుళానికి అన్ని చుక్కలు) తగ్గకుండా, రంగుల అట్టను అచ్చు కొలతకు 300 డీపీఐ వచ్చేలా స్కాన్ చేయించండి. గీతలూ అక్షరాలూ నూటికి నూరుపాళ్లు నల్ల సిరా ఒక్కదానిలోనే ఉండాలి. నాలుగు రంగుల మిశ్రమంతో వచ్చిన నలుపు అయితే, ఒక్కో రంగును అచ్చు వేసే ప్లేట్లు ఏమాత్రం పక్కకు జరిగినా ప్రతి అక్షరానికీ రంగు నీడ పడుతుంది.

అక్షరం

సొంత ప్రచురణల్లో ఎక్కువగా నష్టపోయేది అక్షరమే. నెలల తరబడి బొమ్మ వేసినవారు మాటల బుడగలను చివరి రోజు డీటీపీ ఆపరేటరుకు వదిలేస్తారు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి, ఒక్కోచోట వత్తు కింద మరో వత్తు కూడా వస్తుంది. అందువల్ల 10 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య దూరం 14 పాయింట్లయినా లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుళ్లకు తగులుతాయి. బుడగలను ముందు గీసి మాటలను తరువాత ఇరికించకండి. మాటలను పెన్సిలుతో రాసుకుని, వాటి చుట్టూ బుడగ గీయండి.

తెలుగు మాట సంధులతో, ప్రత్యయాలతో పొడుగ్గా సాగుతుంది. "చెప్పలేకపోతున్నానమ్మా" అనే ఒక్క మాట బుడగ వెడల్పును పూర్తిగా తినేస్తుంది. దాన్ని మధ్యలో విరిచి రెండు వరుసల్లో పెడితే చదివేవారి నాలుక తడబడుతుంది. "చెప్పలేనమ్మా" అని మార్చగలిగితే బుడగా కుదురుతుంది, మాటా బలపడుతుంది. నానమ్మ మాట నెల్లూరు మాటగానే ఉండాలి. "ఎక్కడికిరా వెళుతున్నావు?" అని ఆమె చేత అనిపించేకంటే "యాడికిరా పోతుండావు?" అనిపిస్తే, ఆమె ఏ ఊరి మనిషో చెప్పడానికి మరో గడి వేయనవసరం లేదు. కథనం వాక్యాలను మాత్రం మామూలు రాతభాషలో ఉంచితే రెండింటికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నొక్కి పలికే మాటను లావు అక్షరంతో గానీ పెద్ద అక్షరంతో గానీ చూపండి. గుండ్రటి తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే అందం చెడుతుంది.

చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ 'అను' అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లతో పని జరుగుతోంది. ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసిన మాటలను అక్కడ నేరుగా అతికిస్తే అక్షరాలు గజిబిజి అవుతాయి. నా రెండో పుస్తకంలో మూడు బుడగలు అలాగే అచ్చయ్యాయి. అందుకే మాటలను మీరే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేరులో పెట్టుకుని, చివరికి అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వడం క్షేమం. మండలి, రామరాజ, సూరన్న, ధూర్జటి, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, పుస్తకంలో వాడుకోవడానికి రుసుము లేదు. ఫాంటు ఎంచుకునే ముందు కృష్ణపట్నం, రాష్ట్రం, లక్ష్మి అనే మూడు మాటలు టైపు చేసి, అచ్చు కొలతలో కాగితం మీద తీసి చూడండి. అవి సరిగా వస్తే మిగిలినవీ వస్తాయి.

ప్రెస్సు

ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో వేసే అచ్చులో, ప్రతి రంగుకూ, షీటు ప్రతి వైపుకూ ఒక ప్లేటు కావాలి. డెమ్మీ షీటు పట్టే మెషినైతే మన 16 పుటలకు ఒకే రంగులో రెండు ప్లేట్లు చాలు, నాలుగు రంగుల్లో ఎనిమిది కావాలి. ప్లేట్ల ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే కాబట్టి కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో కాపీ ఖరీదు తగ్గుతుంది. 300 కాపీల లోపు అయితే ప్లేట్లు అక్కరలేని డిజిటల్ ప్రింటింగ్ ధర కూడా అడగండి. లోపలి పుటలు నలుపులోను, అట్ట రంగుల్లోను వేయించడం మొదటి పుస్తకానికి తగిన మార్గమని నా అభిప్రాయం. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం మీద నల్లని బొమ్మ వెనుక పుటలోకి కనిపిస్తుంది. లోపలికి 90 జీఎస్‌ఎం మాప్‌లిథో కాగితం, 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు అట్ట అడగండి. ప్రూఫును తెర మీద చూసి ఒప్పుకోకండి. కాగితం మీద తీయించి, మడిచి, 17 లెక్క సరిచూసి, కథ ఇంతకుముందు చదవని ఒకరి చేత చదివించిన తరువాతే సంతకం పెట్టండి.

కాగితాల పని

కథ ఒకరిది, బొమ్మ మరొకరిది అయితే స్నేహం ఎంత గట్టిదైనా ఒప్పందం రాసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. పునర్ముద్రణలో, అనువాదంలో ఎవరి వాటా ఎంతో కూడా అందులోనే రాయండి.

పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా ప్రచురించుకునే రచయితలు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు, అయితే అట్ట అచ్చుకు వెళ్లకముందే చేయాలి. పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీల్లోని నిర్ణీత గ్రంథాలయాలకు ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ఈ నాలుగు కాపీలను లెక్కలో ముందే తీసిపెట్టండి.

వెల, అమ్మకం

దుకాణదారులు వెలలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటారు. కాపీకి 25 రూపాయలు పడితే వెల 75 పెట్టండి. దుకాణానికి 40 శాతం, అంటే 30 రూపాయలు పోగా మిగిలే 45లో ఖర్చు తీరి 20 చేతికి వస్తుంది. నలిగిన కాపీలూ, ఉచితంగా ఇచ్చినవీ, తరువాతి పుస్తకం కాగితమూ ఆ 20లోంచే రావాలి.

రొట్టెల పండుగ మొహర్రంతో వస్తుంది కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. ఆ తేదీకి రెండు నెలల ముందే ఫైళ్లు ప్రెస్సుకు చేరితే మంచిది. పండుగ తరువాత బడులకు, ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, పుస్తకంతోపాటు డమ్మీని కూడా తీసుకువెళ్లండి. పిల్లలు కాగితం మడిచి తమ కథ తామే వేసుకోవడానికి ఉత్సాహపడతారు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒంటరిగా స్టాలు భరించలేకపోతే నలుగురైదుగురు కలిసి తీసుకోవచ్చు. కావలికో ఒంగోలుకో కట్టలు పంపడానికి ఆర్టీసీ కార్గో ఉంది. ఒక్కో కాపీ పంపడానికి తపాలా శాఖ 2025 మేలో ప్రారంభించిన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. అలా పంపాలంటే పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి కాబట్టి ఆ వివరాలుండే ఇంప్రింటు పుటను మరిచిపోకండి.

మొదటి ముద్రణలో ఒక కాపీని అమ్మకుండా బల్ల మీద ఉంచుకుని, పాఠకులు చూపిన ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో అందులో గుర్తించండి. కాపీలు యాభైకి తగ్గినప్పుడు ఆ గుర్తుల ప్రకారం ఫైళ్లు దిద్ది, ఇంప్రింటు పుటలో ముద్రణ సంఖ్య, సంవత్సరం మార్చి, కొత్త పీడీఎఫ్‌ను ప్రెస్సుకు ఇవ్వండి.