గాడ్ గేమ్‌కు ఆడినవారి ఫీడ్‌బ్యాక్ తీసుకుని, వనరుల లెక్క సరిచేసుకోవడం ఎలా?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో సొంతంగా చిన్న గాడ్ గేమ్ తయారు చేసుకుంటున్నవారి కోసం ఈ వ్యాసం. ఆటగాడే దేవుడై, ఒక ఊరికి వాన కురిపిస్తూ, జనాన్ని కాపాడుకుంటూ రావలసిన ఈ తరహా ఆటల్లో, ఆడినవారు చెప్పే ఫిర్యాదుకూ అసలు లోపానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. నీళ్లుంటే పంట, పంట ఉంటే తిండి, తిండి ఉంటే భక్తి, భక్తి ఉంటేనే మళ్లీ వాన అన్నట్టు అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి, ఒకచోట జరిగిన పొరపాటు నాలుగు రోజుల తర్వాత మరోచోట బయటపడుతుంది. 1989లో బుల్‌ఫ్రాగ్ సంస్థ తెచ్చిన పాపులస్ అనే ఆటలో కూడా ఇదే చక్రం: కొలిచే జనం ఎంతమంది ఉంటే దేవుడికి అంత శక్తి. అందువల్ల ఫీడ్‌బ్యాక్ తీసుకోవడం ఎంత ముఖ్యమో, విన్న మాటను విన్నట్టే అమలు చేసేయకుండా ఉండడం అంతకంటే ముఖ్యం.

1. ముందు మీ లెక్క మీకు తెలియాలి

ఎవరికైనా ఆట చూపించే ముందు, ఒక్క రోజులో ఏ వనరు ఎంత వస్తుందో, ఎంత పోతుందో స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. ఉదాహరణకు ఇలాంటి ఊరు ఉందనుకుందాం. జనం పదిమంది. వారు రోజుకు 10 యూనిట్ల ధాన్యం తింటారు, అది పండడానికి చెరువు నుంచి రోజుకు 10 యూనిట్ల నీళ్లు పోతాయి. కడుపు నిండిన మనిషి రోజుకు 1 యూనిట్ భక్తి ఇస్తాడు, పస్తున్నవాడు ఏమీ ఇవ్వడు. వరుసగా మూడు రోజులు పస్తుంటే జనం వలస పోతారు. ఒక వానకు 40 భక్తి ఖర్చు, కురిసేది 40 నీళ్లు, చెరువు పట్టేదీ 40. ఆట మొదలయ్యేటప్పుడు చెరువు నిండుగా ఉంటుంది, చేతిలో 40 భక్తి ఉంటుంది, ధాన్యం నిల్వ ఉండదు.

నాలుగు రోజుల్లో 40 నీళ్లు ఖర్చయ్యేసరికి 40 భక్తి జమ అవుతుంది కాబట్టి, కాగితం మీద ఈ ఊరికి ఏ లోటూ లేదు. మొదట్లో ఇచ్చిన 40 భక్తి కూడా ఆపదకు అక్కరకొచ్చేలా అలాగే మిగిలి ఉంటుంది. ఈ లెక్క దగ్గర పెట్టుకోకుండా ఆడించడానికి కూర్చుంటే ఎదుటివారు చెప్పిందల్లా నిజమనిపిస్తుంది.

2. ఎవరితో ఆడించాలి?

బెంగళూరులో ఆడేవారు దొరకడం కష్టం కాదు, తగినవారు దొరకడమే కష్టం. మారతహళ్లిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో ఒక పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌కి వెళ్తే కావలసినంతమంది తెలుగు కుర్రాళ్లు ఉంటారు. అయితే వారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే ఎక్కువ కావడం వల్ల, తమకు ఏమనిపించిందో చెప్పకుండా నేరుగా పరిష్కారంలోకి దిగిపోతారు: "ఇక్కడో స్లైడర్ పెట్టు బ్రో, సరిపోద్ది." ఆ సలహా మంచిదే కావచ్చు గానీ, మనకు కావలసింది అతను ఎక్కడ తికమకపడ్డాడన్న సంగతి. కాబట్టి ఆడేవారిలో సగం మందైనా ఆ వృత్తికి బయటివారు ఉండేలా చూసుకోండి. ఊరి నుంచి నాలుగు రోజులు ఉండడానికి వచ్చిన పిన్ని, డిగ్రీ చదువుతున్న తమ్ముడు, పీజీలో వంట చేసే అన్న, వీరంతా పనికొస్తారు. దగ్గరి స్నేహితులను మాత్రం చివరికి ఉంచుకోండి. మొహమాటం వల్ల "బాగుంది రా" అన్నదానికి మించి వారి నోట రాదు.

స్క్రీన్‌నూ గొంతునూ రికార్డు చేయదలచుకుంటే ముందే అడిగి అనుమతి తీసుకోవాలి. 18 ఏళ్లు నిండనివారిని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లలుగానే లెక్కిస్తుంది కాబట్టి, వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి.

ఎంతమంది కావాలన్నది తరచుగా వచ్చే ప్రశ్న. అయిదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. బటన్ కనబడకపోవడం, అక్షరాలు చదవలేకపోవడం వంటి వాడుక లోపాలకు ఆ మాట సరిపోతుంది. వాన ఖరీదు 40 ఉండాలా, 35 ఉండాలా అన్నది మాత్రం అయిదుగురు తేల్చలేరు. దానికి ప్రతి రోజు చివర నీళ్లు, ధాన్యం, భక్తి, జనం ఎంతెంత ఉన్నాయో ఆట చేతనే ఒక లాగ్ ఫైల్‌లో రాయించుకుని, వీలైనన్ని ఎక్కువ ఆటల అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి.

3. ఆడుతున్నంతసేపూ నోరు మెదపకండి

ఫోన్ చేతికిచ్చి, "మనసులో అనుకునేది పైకి అంటూ ఆడండి, ఎక్కడైనా ఆగిపోతే తప్పు ఆటదే, మీది కాదు" అని ఒక్క మాట చెప్పి పక్కకు తప్పుకోండి. తెలుగులోనే మాట్లాడమనండి, ఎందుకంటే ఆఫీసు ఇంగ్లిష్‌లోకి మారిన మరుక్షణం మనిషి రిపోర్టు చదువుతున్నట్టు మాట్లాడతాడు. "అయ్యో, చచ్చార్రా వీళ్లు" వంటి మాటలు, అంటే మనం వినడానికి వచ్చిన మాటలే, ఆగిపోతాయి. "అన్నా, ఇప్పుడేం చేయాలి?" అని అడిగితే, "నేను ఇక్కడ లేననుకో, ఏం చేస్తావు?" అని తిరిగి అడగండి. నేర్పించాలన్న తహతహ అణచుకోవడం తయారుచేసినవారికి నిజంగానే కష్టం, ముఖ్యంగా కళ్లెదుట ఊరు ఖాళీ అవుతుంటే.

నోట్సులో మీ తీర్పు రాయవద్దు, జరిగింది రాయండి. "విసుగు పుట్టింది" అన్న మాట వల్ల ఉపయోగం లేదు. "9వ రోజు: వాన బటన్ మూడుసార్లు నొక్కాడు, ఏమీ కాలేదు, భక్తి అంకె వైపు చూడలేదు" అని రాసుకుంటే ఇంటికెళ్లాక పనికొస్తుంది. చోటు విషయానికొస్తే, కబ్బన్ పార్కు బాగానే ఉంటుంది గానీ ఎండలో స్క్రీన్ కనబడదు; భోజనాల వేళ దాటాక పీజీ డైనింగ్ హాలు మేలు.

4. ఆట ముగిశాక అడగవలసినవి

"నచ్చిందా?" అని అడిగితే మర్యాద కోసం నచ్చిందనే చెబుతారు. దానికి బదులు, ఊరు ఎందుకు ఖాళీ అయిందనుకుంటున్నారు, ఇక బతకదని ఎప్పుడు తెలిసింది, మళ్లీ ఆడితే ఏది మార్చుకుంటారు అని అడగండి. వీటిలో మొదటి ప్రశ్నే అన్నిటికంటే విలువైనది. "ఏమో" అన్నారంటే ఆట కారణాన్ని చూపించలేదు. తప్పు కారణం చెప్పారంటే ఆటే వారిని పక్కదారి పట్టించింది.

5. ఫిర్యాదు నుంచి వెనక్కి నడవండి

పై ఊరిని ఆడినవారిలో ఎక్కువమంది నోట రాగల ఫిర్యాదు "వాన ఖరీదు మరీ ఎక్కువ" అన్నది. అలాంటి ఆట లాగ్ ఫైల్ తెరిచి మొదటి రోజు నుంచి చదివితే ఏం కనిపిస్తుందో చూడండి. 2వ రోజు చివర చెరువులో 20 నీళ్లు, చేతిలో 60 భక్తి ఉన్నాయి. చెరువు సగానికి వచ్చిందని ఆటగాడు వాన కురిపించాడు. చెరువు నిండింది, మిగిలిన 20 నీళ్లు అలుగు దాటి పోయాయి, భక్తి 20కి దిగింది. 4వ రోజు చివర మళ్లీ చెరువులో 20, భక్తి 40 ఉండగా మళ్లీ వాన, మళ్లీ 20 నీళ్లు అలుగు పాలు, భక్తి సున్నా. రెండు దఫాల్లో కలిపి ఒక పూర్తి వాన, అంటే మొదట్లో మీరు ఆపద కోసం ఇచ్చిన 40 భక్తి, ఎవరికీ కనబడకుండా పోయింది. 6వ రోజున మిడతలు ఆ రోజు పంట తినేశాయి, జనం పస్తున్నారు, ఆ రోజుకు భక్తి రాలేదు. 8వ రోజు చివర చెరువు ఎండేసరికి చేతిలో ఉన్నది 30. వాన లేదు కాబట్టి పంట లేదు, పంట లేదు కాబట్టి భక్తి లేదు. ఆ 30 అక్కడే నిలిచిపోయి 11వ రోజుకు ఊరు వలస పోయింది.

అదే మిడతల దండు వచ్చినా, చెరువు అడుగంటేదాకా ఆగి 4వ రోజున వాన కురిపించినవారికి 8వ రోజు చివర 70 భక్తి ఉంటుంది. ఊరు ఖాళీ కావడానికి కారణం వాన ఖరీదు కాదు, అలుగు పారడం తెర మీద కనబడకపోవడం. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసిన బెంగళూరువాసి, చెరువు సగానికి తగ్గగానే బటన్ మీదికి వేలు పోనిచ్చాడంటే అందులో అతని తప్పేముంది?

ప్రతి ఫిర్యాదుకూ ఇలాంటి మరుగు కారణమే ఉంటుందని కాదు. సివిలైజేషన్ ఆటల రూపకర్త సిడ్ మయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో మాట్లాడుతూ, 3కి 1 బలం తమవైపు ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి ఓడిపోవడాన్ని ఆటగాళ్లు అన్యాయంగా భావించారని చెప్పాడు. "మిడతలు నా మీదికే వస్తున్నాయి" అన్న గోల ఆ కోవలోది. లాగ్‌లో అంకెలు సరిగానే ఉన్నా, వరుసగా రెండుసార్లు మిడతలు రాకుండా అడ్డు పెట్టేయండి.

6. ఒకసారికి ఒక్కటే మార్చండి

అంకె మార్చవలసి వస్తే కొంచెం కొంచెంగా తగ్గించడం కంటే సగం చేయడమో, రెట్టింపు చేయడమో మేలన్నది మయర్ పాటించిన పద్ధతి. తేడా ఏమిటో వెంటనే తెలుస్తుంది. వాన ఖరీదు 20 చేసి చూడండి: నాలుగు రోజులకోసారి 20 భక్తి మిగులుతూ పోయి, ఎవరూ ఓడిపోరు, ఎవరూ ఆలోచించరు. మార్చవలసిన అంకె అది కాదని ఒక్క ఆటలో తేలిపోతుంది.

కాబట్టి దాన్ని మళ్లీ 40కే పెట్టి, మొదట అలుగు పారడాన్ని చప్పుడుతో సహా తెర మీద చూపించి మళ్లీ ఆడించండి. అప్పటికీ ఒక్క దెబ్బకే ఊళ్లు కూలుతుంటే, తప్పు చక్రంలోనే ఉంది: నష్టపోయినవాడికి మరింత నష్టం కలుగుతోంది, తేరుకునే దారి లేదు. చెరువు ఎండిన రోజుల్లో పస్తున్న మనిషి కూడా సగం భక్తి ఇస్తాడని ఒక నియమం పెట్టండి. పై ఆటలో 9వ రోజు చివర భక్తి 35, 10వ రోజు చివర 40 అయి, రెండు రోజుల పస్తుల తర్వాత వాన కురుస్తుంది. కరువు వస్తే కప్పతల్లిని ఆడించే ఊళ్లు తెలిసినవారికి ఈ నియమాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు కూడా.

7. మళ్లీ ఆడించడం

అలుగు కనబడుతోందా లేదా అన్నది తేల్చడానికి కొత్తవారు కావాలి, ఎందుకంటే ఒకసారి ఓడిపోయినవారు ఈసారి చెరువు వైపే చూస్తారు. కొత్త నియమంతో ఆట మరీ సులువైందా అన్నదానికి పాతవారే నయం. ప్రతి లాగ్ ఫైల్ మొదటి వరుసలో వెర్షన్ నంబరు ఉండేలా చూడండి. లేకపోతే ఏ ఫిర్యాదు ఏ బిల్డ్‌దో వారం తిరిగేసరికి చెప్పలేరు. యుద్ధాలు పెట్టమనీ, నలుగురు కలిసి ఆడేలా చేయమనీ అడిగేవారి మాటలు వేరే పుటలో రాసి పక్కన పెట్టండి, అవి మరో ఆటకు సంబంధించినవి. ఫిర్యాదు చేసినవారికి మాత్రం, వారి ఆట చూశాక ఏం మార్చారో రెండు వాక్యాల్లో మెసేజ్ పెట్టండి. తర్వాతి బిల్డ్‌కు పిలిస్తే మళ్లీ వస్తారు.